హాల్లో మనిషి పట్టేంత జాగా

జడ్చర్ల బస్టాండు దగ్గర ఫ్లాట్లు అమ్మిపెట్టే వీరేశం చెప్పే మాటల్లో సగం అబద్ధమని అందరికీ తెలుసు. తెలిసీ ఆయన దగ్గరికే వెళ్తారు. మురికికాలువ వైపు తెరుచుకునే కిటికీ చూపించి "గాలి మస్తు కొడ్తది" అంటాడు. బస్సుల హారన్ల సంగతి అడిగితే "మనుషుల నడుమ ఉన్నట్టుంటది మేడం, ఒక్కరమే ఉన్నమన్న రంది ఉండదు" అంటాడు. ముఖం మీద ఒక్క గీత కూడా కదలదు.

పల్లవి టవర్స్ మూడో అంతస్తులో నాకు కిరాయి ఇల్లు చూపించిందీ ఆయనే. కింద మిఠాయి దుకాణం, మందుల షాపు, సెల్‌ఫోన్ల షాపు, టిఫిన్ సెంటరు. వాటి మీద మూడు అంతస్తుల ఇళ్లు. రోడ్డు దాటితే బస్టాండు. నేను కల్వకుర్తి దగ్గర సర్కారు బడిలో టీచర్ని, రోజూ బస్సులో పోయి రావాలి, అందుకని హారన్లకూ ధూళికీ సర్దుకుపోయాను. ఇంట్లో దిగిన నెల నుంచే వీరేశం నా వెంట పడ్డాడు. "ఎన్నాళ్లు కిరాయి కడ్తరు మేడం? ఒక ఫ్లాటు మీ పేరు మీద చేస్కోండ్రి" అని మెట్ల మీద, లిఫ్టులో, కూరగాయల బండి దగ్గర ఒకటే పోరు. ఆ పోరు పడలేక ఒక ఆదివారం రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న ఫ్లాటు చూడటానికి ఒప్పుకున్నాను.

తాళం తీశాడు. నేను హాల్లోంచి నేరుగా బాల్కనీ వైపు నడవబోయాను.

"మేడం, జర పక్క నుంచి రాండ్రి," అన్నాడు.

ఆయన గోడ వెంబడి నడుస్తున్నాడు. నడిమధ్య నున్నటి టైల్సు తప్ప ఏమీ లేవు. అప్పుడు గుర్తొచ్చింది, నాకు పై ఇల్లు చూపించిన రోజు కూడా ఆయన అలాగే గోడ పట్టుకుని తిరిగాడు. వాస్తు పిచ్చేమో అనుకుని "నడుమ ఏమన్న గుంత ఉన్నదా వీరేశం?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. కాసేపు తాళంచెవుల గుత్తిని చేతిలో తిప్పుతూ నిలబడి, తర్వాత తల్లి సంగతి చెప్పాడు.

వీరేశం వాళ్లది కల్వకుర్తి అవతల ఊరు, గొర్ల మంద మీద బతికిన ఇల్లు. తండ్రి పోయాక, రాష్ట్రం వచ్చిన కొత్తలో, మందను అమ్మేసి తల్లి గుర్వమ్మను తీసుకుని జడ్చర్ల వచ్చాడు. మందుల కంపెనీలో పని, బస్టాండు వెనక ఒక గది కిరాయికి. ఆ మరుసటి ఎండాకాలం గుర్వమ్మ దవాఖానలో పోయింది. శవాన్ని తీసుకుని వస్తే ఇంటి ఓనరు గేటుకు అడ్డం నిలబడ్డాడు. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఉంది, లోపలికి తేవద్దన్నాడు.

ఇది ఆ ఒక్కడి దుర్మార్గం అనుకుంటే పొరపాటు. కిరాయి ఇంట్లో శవాన్ని దింపనివ్వని ఓనర్లు మా వైపు వీధికొకరు ఉంటారు. ఇంటికి కీడట. నెలనెలా కిరాయి లెక్కపెట్టుకునేటప్పుడు రాని కీడు అప్పుడు వస్తుంది. నాకు తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

"రోడ్డు పక్కన టెంటేసి పండవెట్టినం మేడం," అన్నాడు వీరేశం. "బస్సు వచ్చినప్పుడల్లా దుమ్ము. తువ్వాలతోని ముఖం తుడుస్తుంటి. ఎన్ని మార్లు తుడిచినా దుమ్మే. బస్సుల ఉన్నోళ్లు కిటికీలకెళ్లి తొంగిచూస్తుండ్రు. కండక్టరేమో 'కల్వకుర్తి, కల్వకుర్తి' అని ఒర్రుతుండు. మా ఊరి బస్సే అది. ఆ పిలుపుకు లేస్తదేమో అనిపించింది."

తాళంచెవుల గుత్తిని జేబులో వేసుకున్నాడు.

"గా దినం నుంచి ఏ హాల్లకు పోయినా నడుమ మా అమ్మ పండుకోనుంటది. ముఖం నిండ దుమ్ము. యాడ తొక్కుతనో అని భయం. గందుకే గోడ పొంటి నడుస్త."

ఆ బోసి టైల్సు మీద నిజంగా ఎవరో ఉన్నారనిపించి నేను కాలు వెనక్కి తీసుకున్నాను. మరుక్షణం కోపమొచ్చింది. ఫ్లాటు అంటగట్టడానికి తల్లి చావు కూడా వాడుతున్నాడేమో, ఈయన్ని ఎవరు నమ్మాలి?

"గిట్ల చెప్తే ఎవరన్న కొంటరా?" అన్నాను.

"కిరాయికుండేటోళ్లు కొంటరు మేడం," అన్నాడు.

ఆ సాయంత్రం మా హాల్లో కూర్చుంటే కన్ను పదేపదే నేల మీదికి పోయింది. మా ఓనరు హైదరాబాదులో ఉంటాడు, మర్యాదస్తుడు, కుళాయి చెడిపోతే ఫోన్లోనే మనిషిని పంపిస్తాడు. నాకేమన్నా అయితే ఇక్కడికి తెచ్చుకోనిస్తాడా అని ఆయన్ని ఎలా అడగను? అడగలేదు. ఆ ఫ్లాటూ కొనలేదు. వీరేశం మాత్రం రాత్రిపూట నా తలలో గోడ వెంబడి నడుస్తూనే ఉన్నాడు.

కరోనా పోయిన మరుసటేడు ఆ ఫ్లాటును దశరథ, ఆండాళు అనే ముసలి దంపతులు కొన్నారు. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్లు, పిల్లలు లేరు. దశరథకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మహబూబ్‌నగర్ దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. అంత దూరం నుంచి వచ్చిపోవడం కుదరక, మగ్గాన్నీ ఇంటినీ అమ్మేసి, గుమ్మం ముందే బస్సు దొరికే ఈ ఫ్లాటుకు వచ్చారు. మందులు కింద, టిఫిన్ కింద. వీరేశం అమ్మిన ఇళ్లలో అబద్ధం అవసరం లేని ఇల్లు బహుశా ఇదొక్కటే.

కొనేముందు దశరథ గాలి గురించి అడగలేదు, నీళ్ల గురించి అడగలేదు. హాలు మధ్యలో నిలబడి ఒకే ప్రశ్న వేశాడట. "నేను యాడన్న పోతే నన్ను గీడికి తీస్కస్తరా? మమ్మల్ని అడ్డుకునేటోళ్లు ఉండరు గద?"

"సొంత ఇంట్లకు ఎవడు అడ్డమొస్తడు కాకా? నేను తీస్కస్త," అన్నాడు వీరేశం. దశరథ తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

ఆ తర్వాత వీరేశం ఆ ఇంటి మనిషైపోయాడు. పోయేటప్పుడు దంపతులు బస్సులో పోయేవారు. వచ్చేటప్పుడు ముసలాయనకు ఓపిక ఉండదు కాబట్టి హనుమంతు అనే డ్రైవరు ఆటోలో తీసుకొచ్చేవాడు. ఆటో గేటు దగ్గర ఆగేసరికి వీరేశం ప్లాస్టిక్ కుర్చీతో సిద్ధం. దశరథను అందులో కూర్చోబెట్టి, ముసలాయన తన మగ్గం మీద నేసుకున్న దుప్పటి ఒళ్లంతా కప్పి, మంకీక్యాప్ పెట్టి, ఇద్దరూ చెరోవైపు ఎత్తి దుకాణాల మధ్య సందులోంచి లిఫ్టు దాకా మోసేవారు. "ఏం కాకా, ఎట్లున్నవ్?" అని దుకాణాల వాళ్లు పలకరించేవారు. ఆయన చెయ్యి ఎత్తేవాడు.

ఆ మరుసటేడు మాఘమాసంలో, పెళ్లిళ్ల రోజుల్లో, మొదటి అంతస్తు వాళ్ల ముసలమ్మ దవాఖానలో పోతే ఇంటికి తెచ్చారు. శవం లేచేదాకా కింద దుకాణాలన్నీ మూసి ఉంచాల్సి వచ్చింది. మిఠాయి దుకాణం జంగయ్య చేసిపెట్టిన లడ్డూలన్నీ ఎవరూ ముట్టకుండా పోయాయి. జంగయ్య బిల్డింగు సంఘానికి పెద్ద. చెడ్డవాడేం కాదు, దసరాకు అన్ని ఇళ్లకూ డబ్బా పంపిస్తాడు. కానీ ఆ దెబ్బకు మీటింగు పెట్టి తీర్మానం చేయించాడు. కిరాయిదారులను మీటింగుకు పిలవరు కాబట్టి నేను దాన్ని లిఫ్టులో అతికించినప్పుడే చూశాను. బయట చనిపోయినవారిని పైకి తేరాదు, సెల్లారులో బండ్ల పక్కన ఉంచి అక్కడి నుంచే తీసుకెళ్లాలి.

దశరథ కుర్చీలో కూర్చుని ఆ కాగితాన్ని మెల్లగా చదువుకున్నాడు. ఆ రోజు నేనూ లిఫ్టులోనే ఉన్నాను.

"వీరేశం, మాటిచ్చినవ్ బిడ్డా," అన్నాడు.

"తీస్కస్త కాకా," అన్నాడు వీరేశం. ఆ ముఖంలో మొదటిసారి భయం చూశాను.

జంగయ్యను కలిసి బతిమాలాడు. ఇంకో ఇద్దరు ఫ్లాటు ఓనర్ల కాళ్లావేళ్లా పడ్డాడు. బ్రోకరు మాట ఎవరు వింటారు? అమ్మేటప్పుడే కాదు, నిజం చెప్పేటప్పుడు కూడా ఆయన్ని ఎవరూ నమ్మరు. సెల్లారులో నడవడం మానేశాడు. అక్కడ కూడా వాళ్లమ్మ కనపడుతోందేమో, నేను అడగలేదు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి కూరగాయల సంచీతో లిఫ్టు దగ్గరికి పోయేసరికి తలుపు మూసుకోబోతోంది. చెయ్యి అడ్డం పెట్టి ఎక్కాను. లోపల కుర్చీలో దశరథ, పక్కన ఆండాళు, వెనక వీరేశం. ఆండాళు భర్త తలను తన పొట్టకు ఆనించుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఏం కాకా, ఇయ్యాల మస్తు నీరసమైందా?" అన్నాను.

"నిద్రపట్టిందమ్మా," అంది ఆండాళు.

వీరేశం చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. "వచ్చింది కాకా, ఇల్లొచ్చింది. వచ్చేసింది," అని ఒకటే గొణుగుతున్నాడు. దుప్పటి మోకాలి మీంచి జారితే నేను సర్దాను. వేళ్లకు ఆయన చెయ్యి తగిలింది, చల్లగా ఉంది. రక్తం శుద్ధి చేయించుకుని వచ్చిన రోజున ఆయన చేతులు చల్లగానే ఉంటాయి. వాళ్లు దిగారు. "మంచిగ పండుకోనియ్యి" అని చెప్పి నేను పైకి పోయాను.

బియ్యం కడుగుతుండగా కింద నుంచి "అమ్మా" అని మగమనిషి అరుపు వినిపించింది. బిల్డింగంతా వినపడేలా అరిచాడు. నేను గిన్నె వదిలేసి దిగాను.

హాలు మధ్యలో దశరథ పడుకుని ఉన్నాడు, తల దక్షిణానికి. ఆండాళు కొంగుతో ఆయన ముఖం తుడుస్తోంది. వీరేశం గోడకు ఒరిగి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ ముఖం తుడవడం చూసి ఆగలేకపోయాడు.

"మెల్లగ బిడ్డా, మెల్లగ. దుకాణాలు ఇంక తెరిచే ఉన్నయి," అంటోంది ఆండాళు. ఆమె ఇంకా ఏడవలేదు. నన్ను చూసి తల దించుకుంది. "వచ్చే తొవ్వల, అప్పన్నపల్లి దాటినంక పోయిండు టీచరమ్మా. ఆటో ఆపనియ్యలే. వీరేశానికి ఫోన్ చేసి, కుర్సీ తెమ్మన్న."

నేను తలుపు గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నా వేళ్ల మీది చల్లదనం ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ చేతిని ముట్టుకుని, పలకరించి, కూరగాయల సంచీతో పైకి పోయాను నేను.

మెట్ల మీద అడుగులు. జంగయ్య, వెనక మందుల షాపతను. జంగయ్య గడప బయటే ఆగాడు.

"ఎప్పుడు పోయిండు? యాడ పోయిండు?"

"గీడ్నే," అంది ఆండాళు.

జంగయ్య వీరేశం వైపు చూశాడు. వీరేశం నోరు తెరిచాడు. డ్రైనేజీ మీద గాలిని అమ్మినవాడు, హారన్లను అమ్మినవాడు, ఆ ఒక్క అబద్ధం ఆడలేకపోయాడు. పెదవులు ఆడాయి కానీ మాట రాలేదు. అది చూసి జంగయ్యకు అర్థమైపోయింది.

"టీచరమ్మా," అన్నాడు నాతో, "నువ్వు గూడ లిఫ్టుల వచ్చినవట గద. నువ్వు చెప్పు. అప్పటికి పానమున్నదా?"

పిల్లలు అబద్ధమాడితే బెంచీ ఎక్కించే మనిషిని నేను. ఆండాళు నా వైపు చూడలేదు. భర్త కనుబొమ్మలు సవరిస్తోంది. లేదని చెప్తే ఆయన్ని లేపి సెల్లారులో బండ్ల పక్కన పడుకోబెడతారు, తెల్లారేదాకా ఈమె అక్కడ కూర్చోవాలి.

"ఉన్నది," అన్నాను. "నాతోని మాట్లాడిండు. ఇల్లొచ్చిందా అని అడిగిండు."

జంగయ్య నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో నాకిప్పటికీ తెలియదు. వంగి చెప్పులు విడిచి లోపలికొచ్చి, దశరథ కాళ్ల దగ్గర దండం పెట్టి, ఫోన్ తీసి దుకాణం మూసెయ్యమని చెప్పాడు. కింద షట్టర్లు ఒక్కొక్కటే దిగిన చప్పుడు వినిపించింది. అప్పుడు ఏడ్చింది ఆండాళు.

మరునాడు పొద్దున ఆయన్ని ఆ ఇంటి గుమ్మంలోంచే తీసుకెళ్లారు. లిఫ్టులో కాగితం అలాగే ఉంది. నాకు మాత్రం ఆ లిఫ్టు మొదటి అంతస్తు దాటుతుంటే "ఇల్లొచ్చిందా" అని వినిపిస్తుంది. నేను పుట్టించిన మాటే, ఆయన గొంతులో. అందుకని మెట్లెక్కి పోతున్నాను. మోకాళ్లు నొప్పెడుతున్నా, ఎవరన్నా అడిగితే నడక మంచిదని సాకు చెప్తున్నాను.

దశదినం అయిన మర్నాడు వీరేశం మా గుమ్మానికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడ్డం పెరిగి ఉంది.

"మేడం, ఆటోలకెళ్లి దించింది నేనే. మెడ నిలవలే. కాళ్లు కట్టెలైనయి. నాకు తెలుసు," అన్నాడు. ద్వారబంధం పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. "అయినా అడుగుత. మీకు వినవడ్డదా? నిజంగ అడిగిండా?"

జంగయ్యను ఒప్పించడానికే నేను అబద్ధమాడానని ఆయనకు చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ కళ్లు చూశాక నోరు రాలేదు.

"అడిగిండు," అన్నాను. "ఇల్లొచ్చింది కాకా అని నువ్వు జవాబు గూడ చెప్పినవ్ గద."