బండి నల్లబడేదాకా

మా అన్న నా బండిని వారం రోజులకని తీసుకుని పద్నాలుగు నెలలు ఉంచుకున్నాడు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో గుర్తులేదు. విన్నవాళ్లందరూ చివరికి ఒకటే అడుగుతారు, "తిరిగి ఇచ్చాడు కదా?" అని. ఇచ్చాడు. ఎలా ఇచ్చాడన్నది మాత్రం ఎవరూ అడగరు.

కొన్నప్పుడు ఆ బండిది మెరుపు లేని నలుపు. టాంకు మీద వెలుతురు పడితే తళుక్కుమనేది కాదు, లోపలికి ఇంకిపోయినట్టు ఉండేది. మడ్‌గార్డులు, సైడ్ ప్యానెళ్లు, హెడ్‌లైట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్, అన్నీ కొత్త పలకలా ఉండేవి. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికి ఉంటున్న ఇంట్లో మెట్ల కింద కాస్త నీడ ఉంది. ఆ చోటు కోసం కింది వాటా వాళ్లతో రెండు నెలలు మాటలు మానేసి మరీ సాధించుకున్నాను. బండి ఎండ మొహం చూడకుండా పెంచాను.

అన్న చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో గుమస్తా. తన స్కూటర్ ఇంజన్ పోయిందని బండి అడిగాడు. నేను ఎలాగూ మెట్రోలో పనికి పోతాను కదా అని ఇచ్చాను. దాన్ని తీసుకెళ్లి కోచింగ్ సెంటర్ ముందు, పడమటి ఎండ నేరుగా కొట్టే గోడ పక్కన, రెండు ఎండాకాలాలు నిలబెట్టాడు. తిరిగి తెచ్చిన రోజు ప్లాస్టికంతా పొయ్యిలో బూడిదలా ఉంది. వేలితో గీస్తే తెల్లటి పొడి అంటింది. టాంకు కూడా వెలిసిపోయింది.

"రంగు పోతే ఏమైంది రా? నడుస్తలేదా?" అన్నాడు. నా భార్యా, ఇంటి ఓనరూ వింటుండగా అన్నాడు.

"నా బండి మల్ల నల్లగయ్యేదాక నీ ఇంట్ల అడుగు పెట్ట" అన్నాను.

అన్న నవ్వాడు. రంగు సంగతి ఎప్పటికైనా మరిచిపోతానేమో గాని ఆ నవ్వు మరిచిపోను.

ఏడాదిన్నర ఆ మాట మీద నిలబడ్డాను. పండగలకు నా భార్యను వాళ్ల సందు మొదట్లో దించి వెనక్కి వచ్చేవాణ్ణి. ఇంతలో అన్న వనస్థలిపురంలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పునాదికి ముగ్గు పోసిన రోజు నేను ఎదురు రోడ్డులో పాన్ డబ్బా దగ్గర నిలబడి చూసి వచ్చానని ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

గృహప్రవేశం ఆదివారమనగా బుధవారం నాడు పిలవడానికి వచ్చారు. వదిన పైకి వచ్చి నా భార్యకు బొట్టు పెట్టి పిలిచింది. అన్న మెట్లెక్కలేదు. కార్డును కింద ఉన్న బండి సీటు మీద పెట్టి, ఎగిరిపోకుండా చిన్న రాయి ఉంచి వెళ్లాడు. సొంత తమ్ముణ్ణి పిలిచే పద్ధతి ఇదేనా? కార్డు చేతికివ్వాలి కదా. నా భార్యతో అదే అన్నాను.

"చేతికిస్తే నువ్వు తీసుకుంటుంటివా?" అంది.

"అది వేరే ముచ్చట."

"పీటల మీద కూసున్నంతసేపు ఆయన కండ్లు వాకిలి దిక్కే ఉంటయి. నీకు పోవాలని లేదా?"

"మాటన్న గదా."

"అయితే బండి నల్లగ చెయ్యి. ఎవరొద్దన్నరు?"

నాకు పోవాలనే ఉంది. కాని నేనన్న మాట తప్పకుండా పోవాలని ఉంది. నాలుగు రోజుల్లో బండిని నల్లబరిస్తే రెండూ కుదురుతాయి.

గురువారం పొద్దున ప్లాస్టిక్‌కు కొబ్బరినూనె రాశాను. మా దగ్గర అందరూ చేసే పనే అది. గుడ్డ పోయిన చోటల్లా నలుపు తేలింది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ సంబరంలో ఎల్‌బీ నగర్ దాకా వెళ్లి వచ్చాను. విజయవాడ రోడ్డు మీది దుమ్మంతా ఆ నూనెకు అంటుకుంది. ఇంటికొచ్చేసరికి బండి విభూతి పూసుకున్నట్టు ఉంది.

శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాను. ప్లాస్టిక్‌కు నలుపు తెచ్చే మందు ఉందా అని అడిగాను.

"అది సోమవారం వస్తదన్న. టాంకుకైతే గీ పాలిష్ తీస్కపో. మొఖం చూస్కోవచ్చు."

నాది మెరుపు లేని రంగని నేను చెప్పలేదు. అతను అడగలేదు. అమ్మేవాడే అడగాలని నా వాదన, ఇప్పటికీ. మెట్ల కింద కూర్చుని టాంకు నడుమ కాస్త పాలిష్ పెట్టి రుద్దాను. అరచేయంత మేర తళతళ మెరిసింది. దుకాణదారు చెప్పినట్టే అందులో నా మొహం కనిపించింది. ఆ ఒక్కచోటే మెరిస్తే బాగుండదని చుట్టూ రుద్దాను. కొంత మెరిసింది, కొంత మెరవలేదు. ఇస్త్రీ ఎక్కువై మెరుపెక్కిన నల్ల ప్యాంటులా తయారైంది టాంకు. అప్పుడు డబ్బా వెనక్కి తిప్పి చూస్తే, మెరుపు లేని రంగులకు వాడరాదని చీమ తలంత అక్షరాల్లో ఉంది.

శనివారం పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో బండ్లకు రంగులేసే ఆయన దగ్గరికి పోయాను. ఆయనది కోస్తా.

"ఏంటండీ ఇది? మ్యాట్ రంగు మీద పాలిష్ కొట్టేశారా?"

"దుకాణపాయన ఇచ్చిండు."

"ఆయన ఇచ్చాడు సరే, రుద్దింది మీరేగా? ఇలా మెరుపొస్తే మళ్లీ పోదండి. టాంకు దింపాలి, గీకాలి, మొత్తం కొత్తగా వెయ్యాలి. ఎనిమిది రోజులు పడుతుంది."

"రేపు పొద్దుగాల్లకు కావాలె."

"ఏం, పెళ్లా?"

"గృహప్రవేశం."

"గృహప్రవేశంలో ఆవును చూస్తారు గాని, మీ బండినెవరు చూస్తారండీ?" అని నవ్వాడు. నేను మరిచిపోని నవ్వుల్లో అది రెండోది.

ఇక చేయగలిగింది లేదు. టాంకును దాని మానాన వదిలేశాను. ప్లాస్టిక్‌నైనా దక్కించుకుందామని సబ్బు పెట్టి నూనె కడిగి, ఆరాక, బూట్లకు వేసే నల్ల పాలిష్ సీసా మొత్తం పూశాను. సాయంత్రానికి మడ్‌గార్డులూ ప్యానెళ్లూ కొన్ననాటి నలుపుకు వచ్చాయి. నేనన్నది బండి నల్లబడాలని, టాంకు అని కాదు, బండిలో టాంకు ఎంత భాగం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. చేతులు ఎంత కడిగినా నలుపు పోలేదు. దాన్ని పట్టించుకోలేదు.

ఆదివారం నా భార్య పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుని వెనక ఒక పక్కకు కూర్చుంది. పొద్దుటి నుంచే ఎండ కాస్తోంది. వనస్థలిపురంలో అన్న ఇంటి గేటు ముందు ఆమె దిగగానే చూశాను. మోకాలి నుంచి అంచు దాకా చీర మీద నల్లటి చారలు. చీర రాసుకున్న ప్యానెల్ మళ్లీ బూడిద రంగుకు వచ్చింది. బండి నలుపు చీరకు పోయింది, చీరా పోయింది.

వదిన పరుగున వచ్చింది. "అయ్యో, గిదేంది చెల్లె?"

"మీ మరిదినడుగు అక్కా" అని నా భార్య నా వైపు చూడకుండా ఆమెతో లోపలికి పోయింది.

నేను గేటు బయటే ఉండిపోయాను. లోపల మంత్రాలు ఆగాయి. వెనక్కి పోదామంటే భార్య లోపల ఉంది. ముందుకు పోదామంటే మాట ఉంది. నిలబడడం తప్ప ఏమీ తోచలేదు. అప్పుడు అన్న బయటికి వచ్చాడు, కొత్త పంచెలో, నుదుటి నిండా కుంకుమతో.

"ఏందిరా, గేటు కాడ్నే నిలబడ్డవు?"

"బండి నల్లగ కాలె" అన్నాను. అబద్ధం ఆడొచ్చు. నోరు రాలేదు.

అన్న బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టాంకు మీద మెరిసేచోట వంగి చూశాడు. "అద్దం పెట్టించినవా? తల దువ్వుకోవచ్చు."

నేను ప్యానెల్ మీద మిగిలిన నలుపును చేతులతో సర్దబోయాను.

"నల్లగ కాలేదంటవు. మరి మరదలి చీరెట్ల నల్లగైంది? నీ చేతులెట్ల నల్లగైనయి?"

"అది బూట్ల పాలిష్."

"ఏదైతేంది, నలుపే గదా. పాలు పొయ్యి మీదున్నయి. పొంగేటప్పుడు నువ్వు లేకుంటే ఎట్లరా?"

ఒక్కమాట కోసం చూశాను. నీ బండిని అట్ల ఎండల పెట్టొద్దుండె, తప్పైంది అంటాడని. అనలేదు. లోపల్నుంచి వదిన కేకేసింది. అన్న వెనక్కి తిరిగి చూడకుండా గబగబా నడిచాడు. నా కాళ్లు అతని వెంట పోయాయి. నేను పొమ్మనలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ గోడకు చెయ్యి ఆనించాను. కొత్తగా వేసిన తెల్లరంగు మీద నాలుగు వేళ్లు నల్లగా పడ్డాయి. లోపలున్న చుట్టాలంతా చూశారు. గాభరాగా జేబురుమాలు తీసి రుద్దాను. మచ్చ అరచేయంత అయింది.

"రుద్దకురా నాయనా" అని అన్న నా మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాడు. పాలు అప్పుడే అంచుకొస్తున్నాయి.

ఇదంతా జరిగి ఆరు నెలలు దాటింది. బండి బూడిద రంగులోనే ఉంది. టాంకు మీది మెరుపు పోలేదు, పోదు కూడా. గోడకు మళ్లీ రంగు వేయమని నేనే నాలుగుసార్లు చెప్పాను. అన్న వేయించడు. ఎవరొచ్చినా గుమ్మం దగ్గర ఆపి, "గిది మా తమ్ముని చెయ్యి" అని చూపించి నవ్వుతాడు. తప్పైందన్న మాట మాత్రం ఇంతవరకు అనలేదు. ఆ సంగతి అడుగుదామనే ప్రతి ఆదివారం పోతున్నాను.