గుర్రమెక్కిన దేవుడు

పక్కింటావిడ గుర్రమెక్కిన దేవుడి పటం ఇవ్వబోతే, వద్దని మొహం మీదే చెప్పేశాను. చెరకు తోటల కూలీ లైన్లలో, ఆ వరస గదుల్లో పుట్టినవాళ్లారా, నా కోపం మీకైనా అర్థమవుతుందా?

పక్కగది దగ్గులన్నీ వినబడే ఆ ఇరుకు గదిలో చిన్నప్పుడు అమ్మ నాకు దేవుణ్ణి నేర్పింది. "పైనుంచి అందర్నీ చూస్తాడు. తప్పు చేస్తే కొడతాడు. కనబడితే దండం పెట్టాల."

మర్నాడు చెరకు తోటలోకి కులంబర్, అదే, మా మీద అజమాయిషీ చేసే దొర, కొరడా పట్టుకుని గుర్రం మీద వచ్చాడు. అందరూ తలలు వంచారు. గుర్తులన్నీ సరిపోయాయని నేను మట్టిలో సాగిలపడ్డాను. దొర పగలబడి నవ్వాడు.

గుర్రం దాటిపోగానే అమ్మ నా చెంప పగలగొట్టింది. "వాడు కాదే! దేవుడు గుర్రమెక్కడు. మనతోపాటే చెరకు కొడతాడు."

పటంలో ఆయన చేతులు చూశాను. చెరకు కొట్టిన కత్తిగాటు ఒక్కటీ లేదు. నా గడప తొక్కనివ్వను.