గోడ కింద మూసిన కన్నం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను గుడివాడ వైపు నుంచి దివిసీమకు మండల వ్యవసాయ అధికారిగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. నాగాయలంక వెళ్లే దారిలో, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఒక ఊళ్లో ఆఫీసు. దాని వెనకే రెండు గదుల క్వార్టరు, క్వార్టరును ఆనుకుని, ఆఫీసు కిటికీలోంచి కనిపించేలా మూడు సెంట్ల పెరడు. ఏళ్ల తరబడి అక్కడ ఎవరూ కాపురం ఉండలేదు. సర్కారు తుమ్మ, పగిలిన పెంకులు, చివికిపోయిన విత్తనాల సంచులు, కాలు విరిగిన బల్ల. వీటన్నిటి కింద నేల ఉండాలి.

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. ఫైలు ముందు అరగంట కూర్చుంటే కాళ్లు లాగుతాయి. దానికి తోడు చేరిన నెల్లోనే ఒక మాట పడ్డాను.

అన్నది కోటేశ్వరమ్మ గారని ఒక రైతు. భర్త పోయాక ఉన్న ఎకరాన్నీ తనే సాగు చేసుకుంటున్నారు. అటూ ఇటూ చెరువులు వచ్చాక ఆవిడ వరి ఏటా ఆకు కొనలు మాడి చచ్చిపోతోంది. చెరువుల వాళ్లు ఆ ఎకరం కూడా లీజుకు అడుగుతున్నారు, ఉగాదిలోపు ఏదో ఒకటి చెప్పమన్నారు. ఒకసారి చెరువు తవ్వాక ఆ నేల మళ్లీ మాగాణి కావడం చాలా కష్టం. ఇవ్వడం ఆవిడకు ఇష్టం లేదు. అలాగని పండని పొలాన్ని ఎన్నేళ్లు దున్నుతారు? జిప్సం వేసి, పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నితే చౌడు విరుగుతుందని ఆఫీసులో కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, కిటికీలోంచి వెనక్కి చూశారు.

"మీ పెరట్లో గోంగూర మొక్క కూడా లేదు కదండీ మేడంగారూ. ముందు అక్కడ మొలిపించండి. అప్పుడు నా పొలం సంగతి మాట్లాడుకుందాం."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. మర్నాడే కత్తీ, పారా, గునపం కొన్నాను. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు పెరట్లో పని, తర్వాత స్నానం చేసి ఆఫీసు. ఆదివారం చర్చి నుంచి రాగానే చీర మార్చుకుని మళ్లీ దిగేదాన్ని. తుమ్మ మొదళ్లు తవ్వడానికే మూడు వారాలు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి, సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకుంటే మండేది. అటెండరు మనిషిని పెట్టుకోమని చెప్పి చూశాడు, తర్వాత ఊరుకున్నాడు.

నేల కనిపించగానే రెండు బస్తాల జిప్సం తెప్పించి చల్లి, తవ్వి, గోంగూర విత్తాను. మొలకలు వచ్చాయి. పదో రోజుకు కొనలు మాడాయి. వాన రెండు వారాలు మొహం చాటేస్తే నేల మీద తెల్లగా పొర కట్టింది. కోటేశ్వరమ్మ గారు ఆఫీసుకు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి ఆ తెల్లపొరను చూసి వెళ్లేవారు. ఏదైనా అంటే బాగుండేది.

నేను చేసిన తప్పు ఈ వృత్తిలో ఉన్నవాళ్లే చేస్తారు. ముప్పై ఏళ్లుగా కనిపించిన ప్రతి రైతుకూ మట్టి పరీక్ష చేయించమని చెప్పాను. నా పెరటి మట్టికి మాత్రం పరీక్ష చేయించలేదు. చౌడు రెండు రకాలు. కారుచౌడుకు జిప్సం పనిచేస్తుంది. పాలచౌడులో ఉన్నది మామూలు ఉప్పే, దాన్ని మంచినీళ్లతో కడిగి బయటికి పంపడమే మందు. నేను ఎక్కువగా పనిచేసిన చోట్ల కారుచౌడు చూశాను కాబట్టి, ఇక్కడా అదే అనుకున్నాను. సముద్రం ఇంత దగ్గర్లో ఉందని గుర్తు రాలేదు.

ఆగస్టులో బుద్ధి తెచ్చుకుని పద్ధతి ప్రకారం నమూనా తీశాను. ఐదు చోట్ల జానెడు లోతున ఇంగ్లీషు 'వి' ఆకారంలో గుంట తీసి, అంచు మట్టి గీకి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ తీసేస్తూ చివరికి అరకిలో మిగిల్చి, నీడన ఆరబెట్టి ల్యాబుకు పంపాను. చీటీ మీద రైతు పేరు అన్నచోట నా పేరే రాశాను. ల్యాబులో ఉన్నతను ఫోన్ చేసి, ఎక్కడో పొరపాటు పడ్డారేమో అన్నాడు. పొరపాటేమీ లేదని చెప్పాను. ఫలితం పాలచౌడు.

వెంటనే పెరటిని మడులుగా కట్టి, పక్కన పొలాలకు మంచినీళ్లు తెచ్చే పంట బోదె నుంచి చిన్న మోటారుతో నీళ్లు పెట్టి, కాళ్లతో తొక్కి కలిపాను. నీళ్లు నాలుగు రోజులు నిలిచి ఇంకిపోయాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ తెల్లపొర తేలింది. మూడోసారి పెట్టిన రోజు కోటేశ్వరమ్మ గారు నేరుగా పెరట్లోకే వచ్చారు. మడిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ఉమ్మేశారు.

"ఇంత ఉప్పు తేలితే, ఈ నీళ్లు పోయే దారేదమ్మా?" అన్నారు.

ఇద్దరం గోడ వెంట వెతికాం. పల్లపు మూలలో గోడ కింద ఒకప్పుడు కన్నం ఉంది. అవతల మురుగు కాలువ. పాములు వస్తాయని ఎవరో దాన్ని సిమెంటుతో మూసేశారు. గునపంతో నేను పొడిచాను, పెచ్చులు ఆవిడ లాగారు. గంటసేపు పట్టింది. మట్టి నీళ్లు సుళ్లు తిరుగుతూ బయటికి పోతుంటే నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఒళ్లంతా బురదతో మెట్టు మీద కూర్చుండిపోయాను. నేను ఏ పనీ లేకుండా కూర్చున్న సందర్భాలు తక్కువ, వాటిలో అదొకటి.

కోటేశ్వరమ్మ గారు కూర్చోలేదు. ఆ కన్నం వైపే చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత తన పొలంలో నీళ్లు బయటికి పోయే మురుగు బోదె మీదే చెరువు గట్టు వేశారని నెమ్మదిగా చెప్పారు. ఆవిడ నా మాట విని ఉంటే జిప్సం బస్తాలు మోసి, మరో ఏడాది పోగొట్టుకుని, ఆ ఎకరాన్ని చెరువుకు ఇచ్చేసేవారు. సలహా ఇచ్చిన రోజు నేను ఆ పొలం గట్టు కూడా తొక్కలేదు.

మురుగు బోదెలు మా శాఖ పని కాదు. అయినా గ్రామ పటం తీయించి, సర్వేయరును వెంటబెట్టుకుని, చెరువు యజమాని దగ్గరకు ఆరుసార్లు తిరిగాను. నేను వదిలే రకం కాదని అర్థమయ్యాక గట్టు కింద తూము వేయడానికి ఒప్పుకున్నాడు. ఉగాది ముందు వారం తూము పడింది. మా పెరట్లో అప్పటికి జీలుగ తవ్వి మట్టిలో కలిపేసి, గోంగూర రెండో కోత కోస్తున్నాను. కోటేశ్వరమ్మ గారు లీజుకు ఇవ్వనని చెరువుల వాళ్లకు చెప్పేశారు. మొదటి ఏడాది వానలతో నేలను కడిగి, జీలుగ మాత్రమే వేశారు. రెండో ఏడాది వరి పండింది. చుట్టుపక్కల దిగుబడితో పోలిస్తే తక్కువే.

ఇప్పుడు రిటైరై మచిలీపట్నంలో మూడో అంతస్తులో ఉంటున్నాను. పెరడు లేదు, చేతులు ఊరికే ఉండవు. నేను సలహా ఇచ్చిన పాత రైతుల పొలాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ ఉంటాను. నేలకు ఏం వెయ్యాలో ముప్పై ఏళ్లు చెప్పాను. ఆ నేలలోంచి నీళ్లు ఎటు పోతాయని వాళ్లలో ఒక్కరినీ అడగలేదు.