కాగితం పైన అమ్మ పేరు

పాసయ్యాను! ఇందాకే యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. సంగీతంలో డిగ్రీ. అమ్మవైపు, నాన్నవైపు ఎంత వెతికినా మా ఇళ్లల్లో ఇదే మొదటి డిగ్రీ. వంటింట్లోకి పరిగెత్తి చెబితే అమ్మ చేతిలో గరిటె వదలకుండానే నన్ను వాటేసుకుంది, నా వీపంతా పప్పుచారు.

ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో రాసుకుందామని కాగితం వెతుకుతుంటే పాత అట్టఫైలు చేతికి తగిలింది. తెరవగానే సోయకూర, వెనిగర్, పెన్సిల్ పొడి కలిసిన వాసన. అది మా పక్కింటి యానుష్ అంకుల్ గది వాసన.

మేము మెల్‌బోర్న్ శివార్లలోని ట్రుగనీనాకి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న రెస్టారెంట్‌లో వంట చేసేవాడు. మా వీధిలో సగం ఇళ్లు ఇంకా కడుతూనే ఉండేవారు. వేసవిలో వడగాలి సిమెంటు దుమ్మునీ, ఎండుగడ్డినీ తెచ్చి అమ్మ పెంచుకునే గోంగూర మీద పోసేది, చలికాలం అదే గాలి మా చెవులు కోసేసేది. పక్కింట్లో కూతురి దగ్గర ఉండే డెబ్భై దాటిన పోలండ్ పెద్దాయనే యానుష్ అంకుల్. ఆయన పెరట్లో సోయకూర, కిటికీలో దోసకాయలు ఊరేసిన సీసాలు, మంచం కింద పెట్టెల నిండా సంగీతం రాసిన కాగితాలు ఉండేవి.

వయసులో ఉన్నప్పుడు వార్సాలో రేడియో కోసం పాటలు కట్టాడట, తర్వాత ఊరూరా తిరిగే సర్కస్‌లో బ్యాండ్ నడిపించాడట. మెల్‌బోర్న్‌కి వచ్చాక టైర్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ, శనివారాలు పోలిష్ క్లబ్బులో బ్యాండ్ ముందు చెయ్యి ఊపుతూ నడిపించే కండక్టర్‌గా నిలబడేవాడు. సొంత పాటలకన్నా, ఎవరి పాటనైనా తన ముందున్న మనుషులకి సరిపోయేట్టు తిరగరాయడమంటేనే ఆయనకి ఇష్టం. ఆ పని తనకి సర్కసే నేర్పిందనేవాడు. "ఏనుగు అడుగు తప్పితే ఏనుగుని మార్చలేం కదా, తాళాన్నే మార్చుకోవాలి."

అందుకే ఆయన కాగితాల మీద వాద్యాల పేర్లుండేవి కావు, మనుషుల పేర్లుండేవి. ప్రతి గురువారం సాయంత్రం ఒక జాబితా ముందేసుకుని క్లబ్బులో వాయించేవాళ్లందరికీ ఫోన్లు చేసేవాడు. మోకాళ్లెలా ఉన్నాయి, కొత్త పళ్లతో ట్రంపెట్ ఊదగలవా, మనవరాలి పెళ్లి ఈ శనివారమేనా అని అడిగేవాడు. ఎవరైనా రాలేనంటే వాళ్ల పేరు కొట్టేసేవాడు కాదు. పక్కనే చిన్న బాణం గీసి, వాళ్ల భాగం ఎవరికి పంచాలో ఆ పేరు రాసేవాడు. నేను పుల్లటి దోసకాయ కొరుక్కుంటూ పాత స్వరాలు రబ్బరుతో చెరిపి ఇచ్చేదాన్ని.

బడిలో నాకొక క్లారినెట్ అరువిచ్చారు. దాని మీద నాకొచ్చినవి అయిదు స్వరాలే. యానుష్ అంకుల్ ఆ అయిదింటితోనే ఒక భాగం రాసి, పైన నా పేరు పెట్టాడు. నాన్న విని నవ్వాడు. "గంత పొడుగు గొట్టంల అయిదు సప్పుళ్లేనా బిడ్డా?"

ఒక సాయంత్రం అమ్మ గోంగూర తెంపుతూ నాట్ల పాట తీసింది. హన్మకొండ దగ్గరి పొలాల్లో, ఏడో తరగతిలో బడి మానేశాక నేర్చుకున్న పాట. కంచె అవతల యానుష్ అంకుల్ నీళ్ల పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. క్లబ్బులో పాడమని ఇంగ్లీషులో అడిగాడు.

"నో నో అంకుల్! గది బురదల పాడేది, స్టేజి మీద పాడ్తరా?"

ఆయన ఏదో అని నవ్వాడు. "ఏమంటుండే?" అంది అమ్మ నాతో.

"వాళ్లయి కూడ ఆలుగడ్డలు తవ్వేటోళ్ల పాటలేనంట."

"అట్లనా! అయితే సూద్దాం తియ్."

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. పైన "లక్ష్మి" అని అమ్మ పేరు, కింద స్వరాలేం లేవు, తనకి నచ్చినట్టు పాడుకోమన్నట్టు పెన్సిల్‌తో ఒకే ఒక పొడుగు గీత. మిగతా అందరి కాగితాల్లోనూ ఒకచోట "లక్ష్మి ఊపిరి తీసుకునేదాకా ఆగండి" అని ఇంగ్లీషులో ఉంది.

ఆ చలికాలం, బీట్‌రూట్ సూపు వాసన నిండిన క్లబ్బు హాల్లో, పట్టుచీర మీద స్వెట్టర్ వేసుకుని అమ్మ నిలబడింది. రెండు చరణాలు బాగా పాడింది. మూడోది మర్చిపోయింది. యానుష్ అంకుల్ చెయ్యి దించలేదు. మారెక్ అంకుల్ అకార్డియన్ ఒకే స్వరం మీద నిలిచింది. ఆయన నావైపు చూశాడు. ఆ చరణం ఎత్తుగడ మొత్తం నా అయిదు స్వరాల్లోనే ఉందని నాకప్పుడు తట్టింది. ఊదాను. అమ్మ నావైపు తిరిగి, ఊపిరి తీసుకుని, అందుకుంది.

కారులో ఇంటికొస్తూ అంది అమ్మ. "నువ్వు అందియ్యకపోతే నేను ఉరికిపోతుంటి."

యానుష్ అంకుల్ పోయి రెండేళ్లయింది. సోయకూర మడి మీద ఇప్పుడు కాంక్రీటు, క్లబ్బు హాల్లో జిమ్. మొన్నటి ఆఖరి పరీక్షకి నేనా పాటనే మా క్లాసువాళ్ల కోసం తిరగరాశాను, కాగితాల మీద వాళ్ల పేర్లే పెట్టాను. పాడమంటే అమ్మ భయపడింది. "మల్ల మర్శిపోతే నీ డిగ్రీ పోతది బిడ్డా." తీరా మర్చిపోయింది నేను. పరీక్షకులు ముగ్గురూ పెన్నులు పట్టుకుని చూస్తుంటే, మూడో చరణం ముందు స్వరాలు గుర్తురాక క్లారినెట్ పలకలేదు. అమ్మ ఆగలేదు. నేను ఊదాల్సిన ఎత్తుగడని సన్నగా కూనిరాగం తీసింది, నేను కలుసుకునేదాకా.

సరే, ఫోన్లు.

నాన్న. మధ్యాహ్నం గిరాకీ తగ్గితే గానీ ఎత్తడు.

హన్మకొండలో అమ్మమ్మ. అక్కడింకా తెల్లారలేదు.

అకార్డియన్ మారెక్ అంకుల్. చెవులు వినపడవు, అరవాలి.

క్లారినెట్ అరువిచ్చిన టీచర్.

ఇండియన్ షాపు ఆంటీ. ఆవిడకి చెబితే ట్రుగనీనా మొత్తానికి చెప్పినట్టే.

యానుష్ అంకుల్. అలవాటుగా రాసేశాను. కొట్టెయ్యలేదు. పక్కన చిన్న బాణం గీసి, అమ్మ పేరు రాశాను. వంటింట్లోకెళ్లి ఆమెకి ఇంకోసారి చెప్పాలి.