ఏమోయ్ అంటే నేను పలకను

సైగాన్ విమానాశ్రయం బయట అడుగుపెట్టగానే చేపలు ఊరబెట్టిన నీళ్ళ వాసన, పెట్రోలు వాసన, మురుగు వాసన అన్నీ కలిసి ముక్కులో దూరాయి. నేనేమీ పప్పు తిని పెరిగినదాన్ని కాదు. మహబూబాబాద్ అంగట్లో, మేం మానుకోట అనే ఊళ్ళో, ఎండుచేపల వరసలో కూర్చుని బేరమాడి కొనుక్కొచ్చే మనిషినే. అయినా ఆ వాసన నాకు పడలేదు. ఉన్నన్ని రోజులూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే తిరిగాను.

మేం సొంతంగా వెళ్ళిన యాత్ర కాదది. మా ఆయనకు మానుకోటలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. సరుకు బాగా అమ్మిన డీలర్లను ఒక కంపెనీ భార్యలతో సహా వియత్నాం తీసుకెళ్ళింది. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. రాష్ట్రం ఇంకా ఒకటే కాబట్టి డీలర్లు అన్ని జిల్లాల నుంచీ వచ్చారు, ఎక్కువమంది కోస్తావాళ్ళు. మా ఏరియా మేనేజరుదీ కోస్తానే. భూపాలపల్లి వైపు మిర్చికీ పత్తికీ కొట్టే మందులన్నీ ఎవరి చేతి మీదుగా పోవాలో తేల్చేది ఆయనే. "గీ టూర్ల సార్‌ను జర మంచి చేసుకున్నమనుకో, భూపాలపల్లి మనదే" అని బయలుదేరే ముందే మా ఆయన చెప్పాడు. చేసుకోనీ, వ్యాపారం అన్నాక తప్పుతుందా అనుకున్నాను.

విమానంలోనే మొదలైంది. మా ముందు సీటులోని కాకినాడ డీలరు తన భార్యను "ఏవోయ్" అని పిలిచాడు. వాళ్ళ పక్కనే మేనేజరు కూర్చున్నాడు. కాసేపటికి మా ఆయన నా వైపు తిరిగి, "ఏమోయ్, మంచినీళ్ళు కావాలా?" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరినో అంటున్నాడనుకుని.

పెళ్ళయిన నాటి నుంచీ నేనాయనకు "ఏందే"ని. కోపం వస్తే "ఓ పొల్లా", ప్రేమ వస్తే "గిటు రాయే". జనగామ దగ్గర మా పుట్టింట్లో కూడా మా బాపు మా అవ్వను, అంటే మా నాన్న మా అమ్మను, అట్లాగే పిలిచేవాడు. ఆ పిలుపులో నాకు ఏనాడూ తక్కువతనం కనబడలేదు. ఈ ఏమోయ్ ఎవరో నాకు తెలియదు.

ఇక సైగాన్ బస్సెక్కాక మా ఆయన పూర్తిగా మారిపోయాడు. "వచ్చేశామండీ", "చూశానండీ", "అవునాండీ". అండీలు రాలుతూనే ఉన్నాయి. వింటుంటే నా ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఈయనే నెల కింద మానుకోటలో నిరాహార దీక్షల టెంటు కింద మైకు పట్టుకుని, "మన మాటను ఎక్కిరించినోని ముంగట మన మాటనే మాట్లాడాలె. గదే మన పౌరుషం" అని చప్పట్లు కొట్టించుకున్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. గూడూరు, గంగారం నుంచి వచ్చే రైతులు వేరే దుకాణాలు దాటుకుని మా దగ్గరికే రావడానికి కారణం కూడా ఆ నోరే. మందు ఎట్లా కలపాలో వాళ్ళ మాటలోనే విడమరిచి చెబుతాడు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు. మా ఆయన టెంటు కింద పులి, టూరు బస్సులో పిల్లి.

మొదటి రోజు రోడ్డు దాటడమే పెద్ద గండమైంది. మోటారు సైకిళ్ళు ఎక్కడా ఆగవు. ఒక్కోదాని మీద నలుగురు, మధ్యలో ఒక పంది పిల్ల బుట్ట, వెనుక ఒక అద్దం పలక. ఆగకుండా మెల్లగా నడుస్తూ పోతే వాళ్ళే పక్కనుంచి పోతారని మాతో వచ్చిన వియత్నాం గైడు పిల్ల చెప్పింది. ఎవరో ముసలామె చిక్కుళ్ళ సంచీ పట్టుకుని నడుస్తుంటే ఆమె వెనకే నేనూ పోయాను. ఉద్యమంలో మన ఊళ్ళో బండ్లన్నీ ఆపి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినదాన్ని, ఆ ఊళ్ళో ఒక్క బండినీ ఆపలేకపోయాను. వాళ్ళకు మాత్రం రోజూ వంటావార్పే. ఫుట్‌పాత్ అంతా పొయ్యిలు, చిన్నపిల్లలు కూర్చునేంత ప్లాస్టిక్ పీటలు, వాటి మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని తింటున్న పెద్దమనుషులు. గిన్నెలు కడిగిన నీళ్ళు మన కాళ్ళ మీదుగానే పోతాయి. ఒక దుకాణంలో సారా సీసాలో పాము చుట్టుకుని ఉంది. ఆరోగ్యానికి మంచిదట. మా బస్సులో మగవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. మా ఆయన సీసాను చంకలో పెట్టుకుని మేనేజరుతో కలిసి దిగాడు.

సాయంత్రం బస్సులో పరిచయాలు. మైకు చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. నేను మామూలుగానే మాట్లాడాను.

"నమస్తే. మాది జనగామ దిక్కు, అత్తగారిల్లు మానుకోట. ఊరు మంచిగనే ఉన్నది గని, జర వాసనకే పరేషానైతున్న."

బస్సంతా నవ్వింది. నేను నవ్వించడానికి చెప్పింది ఏముందో నాకు అర్థం కాలేదు. కాకినాడ డీలరు భార్య మైకు అందుకుని, "జర... పరేషానైతున్న..." అని నా గొంతుతోనే అంది. "భలే ఉందండీ! అచ్చం సినిమాల్లో కామెడీ వాళ్ళలాగే ఉంది. ఇంకోసారి అనరూ!" ఆవిడది చెడ్డ మనసు కాదు. విమానంలో తన ఆవకాయ నాకు పెట్టింది, నాకు తలనొప్పిగా ఉంటే అమృతాంజనం రాసింది. మనసులో ఏ విషమూ లేకుండా అంత మాట అనగలిగిందే అని నాకు మరింత రోత పుట్టింది. సినిమాల్లో దొంగకూ, పనిమనిషికీ, తాగుబోతుకూ ఇచ్చిన మాట మాది. అది నా నోట్లో వినగానే ఆవిడకు నవ్వు రావడం సహజమే కావచ్చు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు. మేనేజరు నవ్వు ఆగేదాకా నవ్వాడు.

గదిలోకి వెళ్ళాక అడిగాను. "నువ్వెందుకు నవ్వినవ్?"

"అందరు నవ్వంగ నేనొక్కన్ని మొహం మాడ్చుకొని కూసోవాల్నా?"

"నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"తప్పంటలేనే. సార్ ముంగట జర మంచిగ మాట్లాడు అంటున్న. రెండు మూడు దినాలే గద."

"మంచిగ అంటె ఎట్ల?"

ఆయన చెప్పులు విడిచి టీవీ పెట్టాడు. తలుపు మూయగానే నోట్లోకి తన మాట తనకు తిరిగొచ్చేసింది, చూశారా. అంటే ఆ మాట గదిలో పనికొస్తుంది, బస్సులో పనికిరాదు. నేనూ అంతేనా? మాటను దాచినవాడు ఆ మాట మాట్లాడే పెళ్ళాన్ని ఎక్కడ దాస్తాడు? ఆ రోజు నుంచి నన్ను పీడించింది ఊరి వాసన కాదు, ఈ సంగతే. భూపాలపల్లి వచ్చినా రాకపోయినా ఇంటికి తిరిగిపోయాక ఈ మనిషితో నేను కాపురం చెయ్యాలి.

మర్నాడు పెద్ద బజారుకు తీసుకెళ్ళారు. అక్కడ ఎటు తిరిగినా "ఏమోయ్! ఏమోయ్!" అని వినబడుతోంది. నేను మొదట ఉలిక్కిపడ్డాను. ఫలహారాల కొట్టు దగ్గర ఒకడు వడ్డించే పిల్లను కేకేశాడు, "ఏమోయ్!" బట్టల కొట్టువాడు ఎదురు కొట్టు పిల్లను పిలిచాడు, "ఏమోయ్!" గైడు పిల్లను అడిగితే నవ్వుతూ చెప్పింది. అది వాళ్ళ మాటేనట. వయసులో చిన్నవాళ్ళను, హోటల్లో పనిచేసే పిల్లను, భార్యను అట్లాగే పిలుస్తారట. నా డిగ్రీ ఇంగ్లీషుకు అందినంత వరకు అదీ సంగతి.

దాంతో నాకొక సదుపాయం దొరికింది. ఆ తర్వాత మా ఆయన ఏమోయ్ అని పిలిచినప్పుడల్లా నేను తిరగడం మానేశాను. సైగాన్‌లో వెయ్యిమంది ఏమోయ్‌లు, ఎవరినో పిలుస్తున్నాడు కాబోలు.

ఒక కొట్టు దగ్గర మన డీలర్లు గుమిగూడారు. బాతుగుడ్డు ఉడకబెట్టి పైన పెంకు కొట్టి ఇస్తున్నారు. లోపల సగం తయారైన పిల్ల, ఈకలు కూడా కనబడుతున్నాయి. మేనేజరు పందెం కాసినట్టు ఒకటి తిని, "మీరూ కానివ్వండి" అని మా ఆయన చేతిలో ఒకటి పెట్టాడు. గుడ్డులో నెత్తుటి చుక్క కనబడితే కంచం తోసేసే మనిషి ఈయన. కళ్ళు మూసుకుని మింగాడు. "బావుందండీ" అన్నాడు. నేనక్కడ నిలబడలేకపోయాను. బట్టల కొట్ల సందులోకి పోయాను.

వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. "ఏమోయ్!" నేను కదల్లేదు. "ఏమోయ్, ఎక్కడున్నావ్?" ముగ్గురు వియత్నాం ఆడపిల్లలు తిరిగి చూశారు. నేను ఒక చొక్కా గుండీలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను. కాసేపటికి ఆ గొంతు దూరమైంది, మళ్ళీ దగ్గరైంది. అప్పుడు ఆ బజారంతా దద్దరిల్లేటట్టు ఒక అరుపు:

"ఓ పొల్లా! ఏడ సచ్చినవే! గిటు రాయే!"

నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. సందు మలుపులో ఆయన చెమటలు కక్కుతూ, చొక్కా సగం బయటికొచ్చి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఒక్క అడుగు వేశాడు. నాకు నిజంగానే జాలేసింది, కొంగుతో ఆ చెమట తుడుద్దామనుకున్నాను. అంతలో ఆయన వెనక మేనేజరు, మిగతా వాళ్ళూ వచ్చారు. కాకినాడావిడ అప్పుడే పడీపడీ నవ్వుతోంది.

మా ఆయన నా వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుని మేనేజరు వైపు తిరిగాడు.

"సారీ సార్. కంగారులో పల్లెటూరి భాష వచ్చేసిందండీ."

ఆ బాతుగుడ్డు కూడా నాకంత అసహ్యం పుట్టించలేదు. దారి తప్పిన పెళ్ళాం దొరికిందన్న సంతోషం కంటే, పిలిచిన పిలుపుకు క్షమాపణ చెప్పుకోవడం ముందొచ్చింది ఆయనకు. మా బాపు మా అవ్వను పిలిచిన పిలుపది. నేను ఆయన పక్కనుంచి దాటిపోయి బస్సెక్కాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, అందరం పొడవాటి బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. గైడు పిల్లకు మమ్మల్ని సంతోషపెట్టాలని తపన. మగవాళ్ళు పిలిచే మాట విన్నారు కదా, ఆడవాళ్ళు మగవాళ్ళను పిలిచే మాట నేర్పుతానంది. "అన్ ఓయ్" అనాలట. అన్ అంటే అన్నయ్యేనట. భార్య భర్తను కూడా ప్రేమగా అదే మాటతో పిలుస్తుందట. ఒక్కొక్కరూ మీ భర్తను పిలవండి అని మైకు ఇచ్చింది.

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా "ఛీ ఛీ" అన్నారు. "మొగుణ్ణి పట్టుకుని అన్నా అనడమేవిటమ్మా, కళ్ళు పోతాయి!" అని కాకినాడావిడ చెంపలేసుకుంది. ఆ ఒక్క విషయంలో ఆవిడా నేనూ ఒక్కటే. మైకులో ఎవరూ పలకకుండానే అది చేతులు మారి నా దగ్గరికొచ్చింది.

మా వైపు అన్న అనే మాటకు కరువు లేదు. ఆటో నడిపేవాణ్ణి, పాలవాణ్ణి, దుకాణానికొచ్చే రైతును, దారి అడిగే కొత్తవాణ్ణి, అందరినీ అన్నా అనే అంటాం. ఈ లోకంలో ఆ మాట అనకూడని మగవాడు ఆడదానికి ఒక్కడే ఉంటాడు. నేను లేచి నిలబడి ఆయన కళ్ళలోకి చూశాను. వాళ్ళ మాట అనలేదు. మా మాటే, నిండుగా అన్నాను.

"అన్నా."

గైడు పిల్ల సంబరంగా చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు ఒక్కటే వినబడింది. తెలుగువాళ్ళెవరూ నవ్వలేదు. కాకినాడావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"గట్లనకే" అన్నాడు.

బల్లకు అటువైపు నుంచి మేనేజరు ముందుకు వంగి, "ఏమంటున్నారండీ?" అని అడిగాడు.

"మీతోని కాదు సార్" అన్నాడు మా ఆయన, నా మొహం మీంచి చూపు తిప్పకుండానే. "నా పెండ్లాంతోని మాట్లాడుతున్న."