డిస్కు పెట్టే సందు ఎక్కడ?

మొన్న ఆదివారం పాస్టర్ గారి ముందట నా పరువు ఎట్ల పోయిందో చెప్తే నవ్వి నవ్వి సస్తరు. చాయ్ పక్కకు పెట్టి వినుండ్రి!

చేవెళ్ల బస్టాండ్ దగ్గర నాది గేమ్ డిస్కుల షాప్ కదా. ఈ మధ్య ఈగలు తోలుకుంటున్న. గేములన్నీ డౌన్‌లోడే, షాపుకొచ్చేటోళ్లే లేరు. మా ఆమె సుజాత ఖరాఖండిగా చెప్పేసింది: "ఈ నెల గూడ గిట్లనే ఉంటే షాపు నాకియ్యి, టైలరింగ్ పెట్టుకుంట."

నాకు రోషమొచ్చింది. టీవీకి పెట్టి గేములాడే సరికొత్త కన్సోల్ తెప్పించిన. షాపుల పెట్టి ఆడిస్తే, చూసినోళ్లు డిస్కులు కొంటరని ప్లాన్. మా ఇండ్లల్ల బండి కొన్నా, బోరు వేసినా ప్రార్థన అయినంకనే ముట్టుకుంటం. అందుకే డబ్బా సీలు గూడ తియ్యలే! మొయినాబాద్ నుంచి పాస్టర్ గారిని పిలిచిన. చుట్టాలు, పాత కస్టమర్లు, అందరూ వచ్చిన్రు.

పాస్టర్ గారు కండ్లు మూసి మొదలువెట్టిన్రు. "తండ్రీ, జనాలు ఆన్‌లైన్‌ల కొని మోసపోకుండ కాపాడు. ఈ షాపుకొచ్చి, చేతుల పట్టుకొని చూసి కొనే బుద్ధి ఇయ్యి!" నేను ముందుగాలనే చెప్పి పెట్టిన మాటలే లెండి.

"ఆమెన్!" అన్నరు అందరు.

డబ్బా విప్పినం. ఒక డిస్కు తీసి, "అయ్యగారూ, మీ చేతుల మీదుగా పెట్టుండ్రి" అన్న. ఆయన ముందట చూసిన్రు, ఎనుక చూసిన్రు, బోర్లేసి చూసిన్రు.

"సందు ఏడున్నది నాయనా?"

నేను ఫోన్ టార్చ్ వేసిన. మా మేనత్త అయితే గాలి పోయే సందుల్ల డిస్కు నూకబోయింది. "అత్తా, ఆగు!" అని ఉరికిన.

అప్పుడు చదివిన డబ్బా మీద. డిస్క్ డ్రైవ్ లేని మోడలట! ఓన్లీ డౌన్‌లోడ్! డిస్కులు అమ్మి బతికేటోన్ని, డిస్కు పట్టని మిషన్ తెచ్చుకున్న.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, కొన్న షాపులనే మార్చుకుందువు. ఏ షాపుల కొన్నవ్?" అన్నది అత్త.

నేను డబ్బా సర్దబోయిన. సుజాత నవ్వు ఆపుకుంట, "చెప్పు, చెప్పు" అన్నది.

"ఆన్‌లైన్‌ల... జర అగ్గువకు వచ్చిందని."

పాస్టర్ గారు మళ్ల కండ్లు మూసిన్రు. "తండ్రీ, ముందుగాల ఈ షాపు ఓనర్‌ను ఆన్‌లైన్ నుంచి కాపాడు!"

అందరికంటే గట్టిగ ఆమెన్ అన్నది సుజాతనే. కండ్లు తెరిచి చూద్దును గదా, కుట్టుమిషన్ ఏడ పెట్టాల్నో టేపుతోని కొలుస్తున్నది!