పూలమాల వెయ్యాల్నా?

సెల్‌ఫోన్లు అందరి చేతికీ వచ్చిన కొత్తలో నేను ఆదోనిలో ఖాజా అన్న పటాల దుకాణంలో పనిచేసేదాన్ని. ఫొటో చూసి ఆయిలు రంగులతో మనిషి పటం వేయడం నా పని. ఫొటో మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి గడులు గీస్తాం. అవే గడులను గుడ్డ మీద పెద్దవిగా గీసి, గడి తర్వాత గడి నింపుకుంటూ పోతాం. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు.

ఖాజా అన్న ఒక వకీలుతో రాయించిన ఆర్డరు ఫారంలో నింపాల్సిన మూడు గీతలుండేవి. ఫొటోలో ఉన్నది ఎవరు, తెచ్చినవారికి ఏమవుతారు అనేది మొదటిది. మనిషి బతికి ఉంటే ఆ మనిషి ఒప్పుకోలు సంతకం రెండోది. పటాన్ని దుకాణం ముందు అద్దాల్లో నలుగురికీ కనిపించేలా పెట్టుకోవచ్చా అనేది మూడోది. మాకు వచ్చేవి ఎక్కువగా పోయినవాళ్ల ఫొటోలే కనుక రెండో గీత ఖాళీగా ఉండిపోయేది.

దుఃఖంలో వచ్చినవాళ్లను చచ్చిపోయినారా అని అడగడానికి నోరు రాదు. అందుకని 'పూలమాల వెయ్యాల్నా?' అని అడిగేదాన్ని. వేయమంటే పోయినట్టు లెక్క. గుర్తు కోసం ఫారం మూలలో చిన్న పువ్వు గీసుకునేదాన్ని.

ఒక శుక్రవారం ఖాజా అన్న నమాజుకు పోయినప్పుడు హొళగుంద నుంచి ఒకాయన తన పెళ్లాం ఫొటో తెచ్చాడు. నా ప్రశ్న అడిగాను. వేయమన్నాడు. మొదటి గీత మీదా మూడో గీత మీదా వేలు పెట్టి చూపించాను, రాసి సంతకం చేశాడు. పువ్వు గీసుకున్నాను. పటం బాగా కుదిరింది, ముఖ్యంగా కళ్లు.

రెండు నెలల తర్వాత ఆ కళ్లే దుకాణం మెట్లెక్కి వచ్చాయి. ఆమె పేరు సరోజ. మొగుడితో పడక ఎమ్మిగనూరులో పుట్టింటికి వచ్చేసిందట. ఆరేళ్ల కూతురిని మాత్రం అతను పంపలేదు. హొళగుందలో ఎవరో పటాన్ని ఫొటో తీసి పంపితే, ఫోను నా ముందు పెట్టింది.

"నేను బతికే ఉండాను గదక్కా. గీసే ముందర నన్నొక మాట అడిగింటే నీ చెయ్యి పడిపోతాండెనా?"

నేను ఫోను చేతిలోకి తీసుకుని చూశాను.

"నా బిడ్డ పొద్దన్నే దీనికి దండం పెట్టి బడికి పోతాంది."

ఖాజా అన్న ఫారం తీసి పైకి చదివాడు. మొదటి గీత మీద 'భార్య' అని ఉంది. రెండోది ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో, ఒప్పుకోలు లేకుండా వేసిన పటాన్ని దుకాణం వెనక్కి తీసుకోవచ్చని ఉంది. అన్నేళ్లు ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని, ఆ మాట నేను వినడం అదే మొదలు. కేసులవుతాయని ఆయన ఫారం బయటికి ఇవ్వనన్నాడు. పువ్వు గీసింది నేను కాబట్టి నేనే తీసుకుని పోతానన్నాను. చివరికి ఇచ్చాడు.

సరోజతో కలిసి హొళగుంద పోయాను. అతని ఇంట్లో, పెద్దమనుషుల ముందు ఆమె మొగుడు తడబడలేదు.

"సచ్చిపోయిందని నేను యాడ సెప్పినానప్పా? పూలమాల వెయ్యాల్నా అనింది ఈయమ్మ. వెయ్యమంటిని."

అది నిజమే. ఖాళీగా ఉన్న రెండో గీతా, కింది చిన్న అక్షరాలూ చూపించి చదవమన్నాను. చదివిన పెద్దమనిషి పటం దించమన్నాడు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలనేది మాత్రం కోర్టులో తేల్చుకోమన్నాడు. ఆ పిల్ల గడప దగ్గర నిలబడి పటాన్నీ సరోజనూ మార్చి మార్చి చూసింది. తల్లి చేతులు చాపినా చాలాసేపు కదల్లేదు. తర్వాత వచ్చి, పటంలో మాల ఉన్నచోట ఆమె మెడ తడిమి చూసింది.

ఎండిన ఆయిలు రంగు తుడిస్తే పోదు. పటాన్ని దుకాణానికి తెచ్చి, పూలమాల మీద చీర రంగు పూశాను. సరోజ ఆ పటాన్ని తీసుకోలేదు. అద్దాల్లో పెట్టుకోవచ్చా అని ఈసారి ఆమెనే అడిగాను. వద్దంది. నేను పని మానేదాకా అది గోడవైపు తిరిగి ఉండిపోయింది.

ఖాజా అన్న కూతురి దగ్గర మధ్యాహ్నాలు అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికి నాకు యాభై దాటాయి. కూడబలుక్కుని పూర్తిగా చదివిన మొదటి వాక్యం ఆ రెండో గీత. ఆ తర్వాత ప్రతి ఒక్కరినీ, మనిషి బతికి ఉన్నారా అని నేరుగా అడిగాను. కొందరు ముఖం ముడుచుకుని ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.